బిగువు నిలవని ఇల్లు

గద్వాలలో నేతవాళ్లుండే సాలెగేరి చివర, కోటగోడ నీడ పడేచోట, అనంతయ్య ఇల్లని ఒకటుండేది. ఆ ఇంట్లో బిగించింది ఏదీ బిగించినట్టు ఉండదని దానికి చెడ్డపేరు.

నులక బిగించి మంచం వేసుకుంటే తెల్లారేసరికి నడుము నేలకు తగిలేదట. దండెం కడితే పొద్దున్నకి చీరలన్నీ మట్టిలో. బర్రెను గుంజకు కట్టేస్తే పలుపు ముడిని ఎవరో నెమ్మదిగా విప్పి పక్కన పెట్టినట్టుండేదట. అద్దెకు దిగిన ఒక బస్సు కండక్టరైతే, రాత్రి తన లాగు బొందు కూడా వదులైపోయిందని ఒట్టేసి చెప్పేవాడు. అది దెయ్యం పనో, కల్లు పనో ఆయనకే తెలియాలి.

అనంతయ్య నేతగాడు. నేతవాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పొద్దుగూకి మగ్గం దిగేముందు పడుగు బిగువు వదిలి లేస్తారు. పగలంతా లాగి పట్టిన దారానికి రాత్రయినా విడుపు ఉండాలంటారు. బిగువు మీద వదిలి లేస్తే ఇంటికి మంచిది కాదంటారు. అనంతయ్య ఒకనాటి సాయంత్రం మగ్గం కింద కాళ్లాడించే గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఏడుపుల్లో, శవం ఎత్తుబడి హడావుడిలో పడుగు సంగతి ఎవరికీ తోచలేదు. దినాలయ్యాక మగ్గం తీసేద్దామని పోయి చూస్తే... పడుగు వదులు చేసి ఉంది. ఎవరిని అడిగినా నేను కాదంటే నేను కాదన్నారు.

అప్పటినుంచీ ముసలాయన రాత్రుళ్లు లేచి, కంటికి బిగువుగా కనబడ్డదల్లా వదులు చేస్తూ తిరుగుతున్నాడని గేరిలో చెప్పుకునేవాళ్లు. దీపాలు పెట్టాక ఆ వాకిలి ముందునుంచి నడిచేవాళ్లు లేరు. నేనైతే చూడలేదు. విన్నది చెబుతున్నాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

అట్లాంటి ఇంటి తాళంచెవి అడిగి మరీ తెచ్చుకున్నవాడు బాలస్వామి.

బాలస్వామిదీ నేత కుటుంబమే. అన్న ధర్మయ్య, వదిన మణెమ్మ, వాళ్ల పిల్లలు, తను, తన భార్య రుక్కమ్మ - అందరూ ఒకే ఇంట్లో. ఇల్లంతా మగ్గాలే. మనుషులే మగ్గాల సందుల్లో సర్దుకుని బతికేవాళ్లు. అక్కడ బాలస్వామి పిచ్చికి చోటు లేదు.

ఆయన పిచ్చి బేస్ గిటార్లు.

మామూలు గిటారు కాదండీ. దీనికి నాలుగే తీగలు, ఒక్కోటీ ఇంత లావు. మెడ బారెడు. ఇది పాట పాడదు, పాట కింద నేలలాగా ఉంటుంది. కుర్రతనంలో గణపతి నవరాత్రులకు ఆర్కెస్ట్రా వస్తే బాలస్వామి పోయి సౌండు డబ్బా పక్కన నిలబడ్డాడు. ఆ నాలుగు తీగల మోత చెవిలోకి కాదు, నేరుగా రొమ్ములోకి వచ్చి కొట్టింది. ఆనాటి నుంచే మరిది చెడిపోయాడని మణెమ్మ చెప్పేది.

నిజం చెప్పాలంటే ఆయన వాయించింది తక్కువ, మరలు తిప్పింది ఎక్కువ. వనపర్తి, నాగర్‌కర్నూల్, రాయచూర్ - ఎక్కడ ఏ ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర బేస్ గిటారు పాడైనా కబురు ఈయనకే వచ్చేది. మెడ వంగితే, లోపలుండే ఇనుప చువ్వను సైకిల్ షాపు ఎల్-కీతో పిసరంత తిప్పి, ఒక రాత్రి ఆగి, మళ్లీ పిసరంత తిప్పేవాడు. మెడ మీద ఎత్తుగా లేచిన లోహపు మెట్లను ఆకురాయితో అరగదీసేవాడు. తీగ మెట్టుకు ఎంత ఎడంలో ఉండాలో నూలుపోగు దూర్చి చూసుకునేవాడు. కొత్త తీగలు హైదరాబాద్ నుంచి రావాలి. రాకపోతే పాతవాటినే పట్టు ఉడికించే గిన్నెలో సబ్బూ సోడా వేసి ఉడికించేవాడు. జిడ్డు వదిలి తీగకు గొంతు వచ్చేది.

అంతా అయ్యి, అది చక్కగా మోగడం మొదలుపెట్టిందో - ఇక దాని మీద మనసు నిలిచేది కాదు. ఎవరికో ఇచ్చేసి, బదులుగా ఇంకో పాడైనదాన్ని తెచ్చుకునేవాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఆయనకు మిగిలిందేమిటో ఆ దేవుడికే తెలియాలి. చేతికి పని ఉంటే చాలు.

పట్టు గిన్నె కోసం రుక్కమ్మ ఒకప్పుడు రోజూ గొడవపడేది. "నా గిన్నెల నీ ఇనుప పాములను ఉడకబెడ్తవా" అని గరిటె పట్టుకుని వెంటబడేది.

ఇప్పుడు గొడవపడటం లేదు.

రెండేళ్ల కింద ఆమెకు మెదడువాపు జ్వరం వచ్చింది. దవాఖానలో బతికి బయటపడింది గానీ రెండు చెవులూ పోయాయి. మొదట్లో తన గొంతు తనకు వినబడక అరిచి మాట్లాడేది. పిల్లలు నవ్వారు, వదిన విసుక్కుంది. అప్పటినుంచి గుసగుసగా మాట్లాడటం నేర్చుకుంది. తర్వాత అదీ తగ్గించేసింది. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, అంతే. మనుషులు మెల్లగా మాట్లాడితే పెదాలను చూసి అర్థం చేసుకునేది. కానీ ఆమె కోసం మెల్లగా మాట్లాడే ఓపిక ఆ ఇంట్లో ఎవరికుంది?

బాలస్వామికి ప్రేమ లేక కాదు. ప్రాణమే. కానీ ఆమె ఎదుట కూర్చుంటే ఏం చెయ్యాలో తోచేది కాదు. ఏది పాడైనా విప్పి చూసేవాడికి, విప్పి చూడలేనిది ఎదురుగా ఉంటే ఏడుపొచ్చేది. అందుకని తప్పించుకు తిరిగేవాడు. శ్రీరంగాపూర్‌లో ఉండే అనంతయ్య కూతురి దగ్గర తాళంచెవి తెచ్చుకుని, పని అయ్యాక సాయంత్రాలు ఆ ఖాళీ ఇంట్లో గిటార్ల ముందు గడిపేవాడు. "దీపం పెడితే చాలు అన్నా, అద్దె ఎవరిస్తరు ఆ కొంపకు" అందట ఆమె.

ఆ ఎండాకాలం వనపర్తి ఆర్కెస్ట్రా వెంకటన్న నుంచి కబురొచ్చింది. బాలస్వామి తను తీర్చిదిద్దిన ఒక గిటారు పట్టుకుపోయి, బదులుగా వెంకటన్న మూలన పడేసిందాన్ని తెచ్చుకున్నాడు. పాతది, నల్లటిది, మోయలేనంత బరువు. మెడ విల్లులాగా వంగిపోయింది.

"ఇది ఎవనికీ లొంగలే బాలసామీ. నువ్వు తెచ్చిందేమో కడిగిన ముత్యమాయె. నీకే నష్టం, చూసుకో" అన్నాడు వెంకటన్న, నవ్వుతూ.

"చూస్త తియ్యన్నా" అన్నాడు బాలస్వామి. నష్టం సంగతి ఆయనకెప్పుడు పట్టింది కనుక.

ఆరోజు పెబ్బేరు సంత. బస్సు నిండా ఎడ్ల బేరగాళ్లు. దుప్పట్లో చుట్టిన గిటారును తడిమి ఒకాయన "ఏందన్నా, కొత్త కాడా?" అని అడిగాడు. కాదంటే కథ పెద్దదవుతుందని బాలస్వామి అవునన్నాడు. గద్వాల చేరేదాకా ఆయన కాడి చెక్క మంచిచెడ్డలు చెబుతూనే ఉన్నాడు.

మెడ సరిచేయడానికి చాలా రోజులు పట్టింది. చివరికి నిటారుగా వచ్చింది. ఉడికించిన తీగలు ఎక్కించి, భజన మందిరం హార్మోనియం పట్టుకొచ్చి, ఆ స్వరాలకు నాలుగు తీగలూ బిగించాడు. ఖాళీ చెక్కపెట్టె మీద నిలబెట్టి మీటితే, పెట్టె డొల్ల మోతకు కింద బండ కూడా మోగినట్టయింది. మురిసిపోయి, తాళం వేసి ఇంటికొచ్చాడు.

మరునాడు పోయి మీటితే... తీగలు చప్పగా వేలాడుతున్నాయి.

బిరడలు అరిగాయనుకున్నాడు. అవే కదా తీగను తిప్పి బిగించేవి. ఇంకో గిటారు బిరడలు ఊడదీసి దీనికి వేశాడు. మర్నాడు మళ్లీ వదులే. ఎండకు చెక్క వ్యాకోచిస్తోందనుకున్నాడు. తడి గోనెసంచి వేలాడదీసి, చల్లని మూలన పెట్టాడు. మర్నాడు మళ్లీ వదులు.

అప్పుడు కూర్చుని, తీగలను వేళ్లతో తడుముతూ ఆలోచించాడు. ఆ ఆలోచన రాకుండా ఉంటే బాగుండేది.

బిరడ అరిగితే ఒక తీగ దిగుతుంది, ఇంకోటి నిలుస్తుంది. ఎండకు మెడ వంగితే లావు తీగ ఒకలా, సన్నతీగ ఇంకోలా మారుతుంది. ఇక్కడ నాలుగూ ఒకే తీరుగా, సమానంగా దిగి ఉన్నాయి. ఎక్కడా మెలిపడలేదు, ఒక్క చుట్టు కూడా జారలేదు. ఇది అరుగుదల పని కాదు, చెయ్యి పని. అదీ ఏ చెయ్యి పడితే ఆ చెయ్యి కాదు - పడుగు వదిలి లేవడం అలవాటైన చెయ్యి.

ఆ ఎండలో కూడా బాలస్వామి వీపు మీద చలి పాకింది. ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా గేరికి తెలిసింది. పక్కింటి బాలనాగమ్మ రాత్రి మిద్దె మీద పడుకుని వినింది. తాళం వేసిన ఇంట్లోంచి... డుమ్... కాసేపు నిశ్శబ్దం... మళ్లీ డుమ్. పాట లేదు, తాళం లేదు. ఒక్క దెబ్బ, అది పూర్తిగా చచ్చిపోయేదాకా ఆగి, ఇంకొక దెబ్బ. "మగ్గం గుంతలకెల్లి కొడ్తుండు ముసలాయన" అని పొద్దున్నే గేరంతా చాటింది.

అంతలో ఇంట్లో ఇంకొకటి మొదలైంది.

రుక్కమ్మ మారింది. రాట్నం ముందు కూర్చుని తనలో తను నవ్వుకునేది. నోరు మూసుకుని గొంతులోంచి లావుగా, సన్నాయి శ్రుతిలాగా, "మ్..." అని తీసేది. చెవిటి మనిషికి పాటలేంటని మణెమ్మ దగ్గరకు పోయి చూసింది. రుక్కమ్మ ఎడమ దవడ మీద ఎర్రని గీత. నిన్న లేదు. మర్నాడు చూస్తే అది ఇంకాస్త ముదిరింది. ఎవరో వేలు పెట్టి గట్టిగా నొక్కినట్టు...

మణెమ్మ భయపడిపోయి మొగుడికి చెప్పింది.

ధర్మయ్య చెడ్డవాడు కాదు. తమ్ముణ్ణి తండ్రిలా సాకినవాడు. ఆ సాయంత్రం తమ్ముణ్ణి అరుగు మీదికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, మొహం చూడకుండా మాట్లాడాడు.

"తమ్మీ, నా మీద కోపం జేయకు. ఇంట్ల పిల్లలున్నరు."

"ఏమైందన్నా?"

"రుక్కమ్మకు సోకింది. ఆ ఇంటి గాలి నువ్వు మోసుకొచ్చినవ్, ఆమెకు అంటింది. రేపు పొద్దుగాల బస్సుకు మానవపాడు తోల్కపో. వాళ్ల అవ్వగారింట్ల ఉంచిరా."

"ఎన్నొద్దులు?"

ధర్మయ్య అరుగు మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

తిరిగి పిలవరని బాలస్వామికి అర్థమైంది. కాదు, పంపను, నా భార్య నాతోనే ఉంటుంది అనాలి. నోరు రాలేదు. ఎందుకంటే - సిగ్గుపడాల్సిన సంగతి ఇది - ఆయనకూ లోపల అదే అనుమానం. ఆ ఇంటికి తాళం తీసింది తనే. అక్కడి చేతికి తీగలు అందించింది తనే. ఆ చెయ్యి ఇప్పుడు రుక్కమ్మ దవడ మీదికి వచ్చిందేమో.

"ఈ ఒక్క రాత్రి ఆగన్నా. ఆడ బిగిచ్చిన తీగలు రోజు వదులైతున్నయి. నేను పోయి ఆడ కూసుంట" అన్నాడు.

"ఏం జూస్తవ్ కూసోని?"

"ఏదుంటే అది."

ధర్మయ్య ఇప్పుడు తమ్ముడి మొహంలోకి చూశాడు. "చప్పుడు చేసేది మనిషని నాకు చూపెట్టు. ఆమె ఈడనే ఉంటది, ఇంకెవ్వరు మాట్లాడకుండ నేను జూసుకుంట. లేదంటవా... బస్సే" అన్నాడు. లోపల మణెమ్మ అప్పటికే రుక్కమ్మ ట్రంకుపెట్టె సర్దుతోంది. రుక్కమ్మ గోడకానుకుని ఆ సర్దుడు చూస్తూ నిలబడింది.

ముందే పోయి తాళం తీసి వచ్చి, చెవిని ఎప్పటిలాగే మేకుకు తగిలించి, వనపర్తి పోతున్నానని ఇంట్లో చెప్పి, బాలస్వామి చీకటి పడ్డాక అనంతయ్య ఇంటికి చేరాడు.

దీపం వెలుతురులో నాలుగు తీగలూ శ్రద్ధగా బిగించాడు. ఒక్కొక్కటీ హార్మోనియంతో సరిచూసుకున్నాడు. గిటారును చెక్కపెట్టె మీద ఆనించాడు. ఆ తర్వాత దాక్కోవడానికి చోటు వెతికితే...

గది మొత్తంలో ఒక్కటే చోటు. మగ్గం ఎప్పుడో తీసేశారు. గుంత మాత్రం అలాగే ఉంది.

అందులోకి దిగాడు. లోపల ముడుచుకుని కూర్చుంటే పాదాలు అడుగున చల్లటి మన్నుకు తగిలాయి. అనంతయ్య పాదాలు ఆడింది ఆ మన్ను మీదే. ప్రాణం పోయినప్పుడు అవి ఆగిందీ అక్కడే. దీపం ఆర్పేశాడు.

చీకటి.

తలుపు సందులోంచి వీధి వెలుగు ఒక సన్నని గీతలా నేల మీద పడుతోంది. ఎవరు లోపలికి రావాలన్నా ఆ గీతను దాటాలి. బాలస్వామి దాని మీదినుంచి చూపు తిప్పలేదు. కునుకు రాకుండా నాలుక కింద పొగాకు పెట్టుకున్నాడు. నిద్ర ఎక్కడిది... గుండె చప్పుడే చెవుల్లో మోగుతుంటే.

ఒకసారి ఎక్కడో చెక్క కిర్రుమంది. ఇల్లు చల్లబడుతోందిలే అనుకున్నాడు. గీత కదల్లేదు. ఎవరూ రాలేదు.

ఎంతసేపు గడిచిందో. గేరిలో కుక్కలు కూడా సద్దుమణిగాయి. అప్పుడు... నేల మీది వెలుగు గీత తెగింది.

తలుపు తెరుచుకుంది. తాళం, గొళ్లెం ఏదీ వెయ్యకుండా దగ్గరగా మూసి ఉంచింది తనే, అయినా ఒళ్లు జలదరించింది. నెత్తిన ముసుగు కప్పుకున్న ఆకారం. లోపలికి వచ్చి తలుపు మూసింది. నడుస్తుంటే కాలికి డబ్బా ఏదో తగిలి దొర్లింది. ఆకారం ఆగలేదు, ఉలికిపడలేదు. తన అడుగుల చప్పుడు దాచుకోవాలన్న ఆలోచనే లేనట్టు నేరుగా గిటారు దగ్గరికి పోయి కూర్చుంది.

కిర్... కిర్...

ఆ చప్పుడు బాలస్వామికి నిద్రలో కూడా తెలుస్తుంది. బిరడ తిరుగుతోంది. విప్పుతున్నాడు, అనుకున్నాడు. ముసలాయన విప్పుతున్నాడు. కాసేపు తిప్పడం, ఒకసారి మీటడం, మళ్లీ తిప్పడం. నాలుగు బిరడలూ అయ్యాయి.

డుమ్...

గుంత అంచు అదిరింది. చప్పుడు మెల్లగా సన్నగిల్లి, పూర్తిగా చచ్చిపోయింది. మళ్లీ... డుమ్. ఈసారి దాంతోపాటు ఇంకో గొంతు కలిసింది. నోరు మూసుకుని, లావుగా, లోపల్నించి... "మ్..."

ఆ గొంతు ఆయనకు తెలుసు. రాట్నం దగ్గర విన్నదే.

"రుక్కీ..."

ఆకారం కదల్లేదు. రెండోసారి గట్టిగా పిలిచాడు. కదల్లేదు. ఎట్లా కదులుతుంది. అగ్గిపుల్ల గీశాడు.

రుక్కమ్మే. గిటారును చెక్కపెట్టె మీద నిలువుగా పట్టుకుని, ఒళ్లో బిడ్డను హత్తుకున్నట్టు హత్తుకుని, ఎడమ దవడను దాని చెక్కకేసి గట్టిగా అదిమి ఉంది. కళ్లు మూసుకుంది. చెంపల మీద నీళ్లు. పెదాల మీద నవ్వు.

వెలుతురు తగిలి కళ్లు తెరిచింది. గుంతలోంచి లేస్తున్న మనిషిని చూసి కెవ్వుమనబోయి, మొగుణ్ణి గుర్తుపట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బాలస్వామి దీపం ముట్టించి, దాన్ని తన మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. పెదాలు కనబడాలని. "ఏం జేస్తున్నవ్ రుక్కీ?" అని మెల్లగా అడిగాడు.

"ఇంటున్న" అంది గుసగుసగా.

ఆయనకు అర్థం కాలేదు.

"ఒకనాడు సద్ది తెచ్చిన నీకు. నువ్వు లేవు. ఇది తొవ్వకు అడ్డముంటే జరుపుదామని ఎత్తిన. దవడకు ఆనింది... చెయ్యి తాకి మోగింది." ఆమె తన పళ్ల మీద, దవడ ఎముక మీద వేలు పెట్టి చూపించింది. "ఈడ ఇనిపిస్తది. పండ్లల్ల, బొక్కలల్ల. రెండేండ్లయె ఏదన్న ఇనక. నువ్వు మిద్దెమీద పండుకున్నంక మేకుకున్న తాళంచెవి తీస్కోని రోజు రాత్రి వస్త."

"నాకెందుకు జెప్పలే?"

రుక్కమ్మ తలొంచుకుని తీగ మీద వేలు రాసింది. "నువ్వు బాగజేసినయన్ని ఇచ్చేస్తవు గద. ఇది మంచిగ మోగుతుందని నీకెర్కయితే, దీన్ని గూడ ఇచ్చేస్తవని."

వేలు తీగ మీదే ఆపి మళ్లీ అంది. "నన్ను గూడ తోల్తున్నరంట గద రేపు. అక్క పెట్టె సదిరింది."

బాలస్వామికి ఏడుపు ఆగలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రెండేళ్లు ఈ మనిషి ముందు కూర్చోలేక తను పారిపోయి వచ్చింది ఇక్కడికే. ఆమె తన దగ్గరికి రావడానికి దారి వెతుక్కుందీ ఇక్కడే. దీపం ఇంకా దగ్గరకు తెచ్చుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "దీన్ని ఎవ్వరికియ్య. నిన్ను ఎక్కడికి తోల."

తర్వాత ఎదురుగా కూర్చుని, ఆమె దవడ ఆనించి ఉండగానే వాయించాడు. పెళ్లి రోజుల్లో ఆమె పాడుకునే కోలాటం పాటల నడక వాయించాడు. ఒక్కోటి గుర్తుపట్టి రుక్కమ్మ తలూపింది. "ఇంకోటి" అంది. వేళ్లు బొబ్బలెక్కేదాకా వాయించాడు. ఆ రెండేళ్లలో ఆయన భార్యతో మాట్లాడింది ఆ రాత్రే అనుకోండి.

తెల్లవారుతుండగా ఇద్దరూ గిటారు పట్టుకుని ఇంటికొచ్చారు. అరుగు మీద ధర్మయ్య, పక్కనే ట్రంకుపెట్టె.

"చప్పుడు చేసింది రుక్కే" అన్నాడు బాలస్వామి. "అన్నా, దవడ ఆనియ్" అని గిటారు ముందుకు పెట్టాడు. ధర్మయ్య అనుమానంగా వంగి ఆనించాడు. బాలస్వామి లావు తీగ మీటాడు. ధర్మయ్య ఉలిక్కిపడి వెనక్కి జరిగి, దవడ తడుముకుని, మళ్లీ వంగాడు. రెండోసారి వినేటప్పటికి ఆయన మొహం విచ్చుకుంది.

"గిదా సంగతి. పిచ్చిపిల్ల" అన్నాడు రుక్కమ్మ వైపు చూస్తూ. ఆ గొంతులో రాత్రి లేని ప్రేమ ఉంది. దవడ మీది గీతకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. గేరికి తనే చెబుతానని, బాలనాగమ్మ నోటికి తనే తాళం వేస్తానని అన్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చి ఆగాడు.

"సరె, చప్పుడు ఆమెది. మరి తీగలు వదులైతున్నయని నిన్న నువ్వే చెప్పె. అది ఎవరిది?"

బాలస్వామికి జవాబు రాత్రే దొరికింది. "సాలోల్ల బిడ్డ గదన్నా. వాయించుడైనంక పడుగు ఇప్పినట్టు ఇప్పి లేస్తది. చిన్నప్పటి అలవాటు, ఏడికి పోతది?"

ధర్మయ్య పగలబడి నవ్వాడు. నేతవాడికి అంతకన్నా నమ్మదగిన మాట ఏముంటుంది. నవ్వుకుంటూనే ట్రంకుపెట్టె తన చేత్తో ఎత్తి లోపలికి పట్టుకుపోయాడు. వెనకాలే మణెమ్మ పోయింది.

అరుగు మీద ఇద్దరే మిగిలారు. రుక్కమ్మ ఇంతసేపూ మొగుడి పెదాలనే చూస్తూ ఉంది. ఇప్పుడు దగ్గరగా జరిగి, గుసగుసగా అడిగింది.

"నేను ఇప్పుతున్న అని ఎందుకు జెప్పినవ్?"

"ఇప్పవా?"

"నేనెందుకు ఇప్పుత? నేను పోయేసరికే వదులుగ ఉంటయి. దవడ ఆనిచ్చి, పండ్లల్ల మంచిగ మోగేదాక నేనే బిగిచ్చుకుంట. గట్లనే ఉంచి వస్త. నువ్వే రోజు ఇప్పి పోతున్నవనుకున్న." ఆమె అమాయకంగా ఆయన మొహంలోకి చూసింది. "రాత్రి గూడ వదులుగనే ఉండె. గుంతల కూసోని ఉన్నవ్ గద. నువ్వే గద ఇప్పింది?"

బాలస్వామి చెవుల్లో రాత్రి విన్న బిరడల చప్పుడు మళ్లీ మోగింది. కిర్... కిర్... తిప్పిన ప్రతిసారీ తీగ గొంతు దిగలేదు. ఎక్కింది. దీపం ఆర్పేముందు ఆ నాలుగూ బిగించింది తనే. ఆ తర్వాత ఆమె వచ్చేదాకా నేల మీది వెలుగు గీతను ఎవరూ దాటలేదు. గిటారు తనకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

లోపల మణెమ్మ పెట్టెలోంచి చీరలు తీసి మళ్లీ దండెం మీద వేస్తోంది. రుక్కమ్మ జవాబు కోసం ఆయన పెదాల వైపే చూస్తోంది.

"నేనే" అన్నాడు బాలస్వామి, ఆమెకు స్పష్టంగా తెలిసేలా మెల్లగా. "నేనే ఇప్పిన."

ఆమె నమ్మింది.